ఆవిడ విప్పలేని పొరబొమ్మ

పొరల మాస్టారు జీవితంలో కోరుకున్నది ఒకే ఒక్క ఓటమి. తనది కాదు, తన భార్యది.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఒక వారపత్రికకి బొమ్మలు వేసేవాడు. ఆ పత్రిక చివరి పేజీలో వారం వారం వచ్చే పొరబొమ్మ ఆయన చేతి పనే. మూడు పల్చటి ట్రేసింగ్ కాగితాలు, ఒకదాని మీద ఒకటి. పై కాగితం మీది బొమ్మ ఒక పేరులో ముందు ముక్క చెబుతుంది. రెండోది మిగతా ముక్క చెబుతుంది. అడుగున ఉన్న మూడోది ఆ పేరుగల మనిషి తాలూకు వస్తువేదో చూపించి, సరిచూసుకోమంటుంది. అచ్చులో ఈ మూడు పొరలూ మూడు రంగుల్లో ఒకదాని మీద ఒకటి పడేవి. పాఠకులు కళ్ళు చికిలించుకుని, ఏ గీత ఏ బొమ్మదో విడదీసుకుని, పేరు పట్టుకోవాలి. అదీ అందులో మజా.

ఇక ఆ పేర్లు ఎక్కడివంటారా? మాస్టారి కడుపుమంటంతా అక్కడే ఉంది. ఆ పేర్లన్నీ ఆయన భార్య పెట్టినవి. ఒకప్పుడు ఆవిడ అదే పత్రికలో సీరియల్ రాసింది. ఒక అద్దెగదుల మేడ, అందులో ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకోని జనం. నోటికి అడ్డూ ఆపూ లేని పైగది పిల్ల గోరువంక. ఎప్పుడూ పొద్దుగుంకే కిటికీ దగ్గరే కూర్చునే ముసలాయన పడమర. ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పని కాపలాదారు తాళంకప్ప. ఒక్కచోట కాలు నిలవని నర్సు పాదరసం. సీరియల్ అయిపోయి ఏళ్ళు గడిచినా జనం వాళ్ళని మర్చిపోలేదు. ఆ పేర్ల మీద బొమ్మలు వేయమని ఎడిటరు అడగబట్టే మాస్టారికి సొంతంగా ఒక పేజీ దక్కింది. అయినా నలుగురిలో పరిచయం చేసేటప్పుడు మాత్రం ‘మన రచయిత్రిగారి భర్త’ అనే అనేవాళ్ళు. ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వి నమస్కారం పెట్టేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడతో మాట్లాడేవాడు కాదు, ఎందుకని అడిగితే గొంతు బాగాలేదనేవాడు.

ప్రతి పొరబొమ్మనీ ఆఫీసుకి పంపేముందు ఆవిడ మీదే పరీక్ష చేసేవాడు. వేరే ఎవరు విప్పినా, విప్పలేకపోయినా ఆయనకి లెక్క లేదు. పొద్దున్నే కాగితాలు మూడూ పిన్ను గుచ్చి, ఆవిడ టీ కప్పు పక్కన పెట్టేవాడు. టీ చల్లారేలోపు పేరు చెప్పేస్తే బొమ్మ తేలిక. టీ చల్లారితే బొమ్మ గట్టిది. కొలత అంత సులువు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇంట్లో టీ ఎన్నడూ చల్లారలేదు.

ఒకసారి తాళంకప్ప మీద వారమంతా కుస్తీ పట్టాడు. పై కాగితం మీద ఒక పాటగాడు తొడ మీద తాళం వేస్తున్నాడు. రెండో కాగితం మీద ఒక ఇంటికప్పు, ఆ కప్పు మీద కొమ్ము విరిగిన ఎద్దు. కప్పులో కొమ్ము తీసేస్తే కప్ప. ఈ దెబ్బకి ఆవిడ తల పట్టుకు కూర్చోవలసిందేనని మాస్టారు ఆ రాత్రంతా తనలో తాను నవ్వుకున్నాడు. పొద్దున్న ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఓరగా ఒక చూపు చూసింది.

“తాళంకప్ప” అంది. “కొమ్ము విరగ్గొట్టారు సరే. అంత ఎద్దుని ఇంటిమీదికి ఎలా ఎక్కించారండీ?”

“నువ్వు పై కాగితం ఎత్తనేలేదు. పైది విప్పాకే కిందది చూడాలి. అది నియమం” అన్నాడు మాస్టారు.

“మీ కాగితం పల్చన, నా కళ్ళు బాగున్నాయి. నన్నేం చేయమంటారు?”

ఆ తర్వాత పొగలు కక్కే టీ చప్పరిస్తూ తాగి, దుప్పటి రెండో కొస పట్టుకోమని ఆయన చేతికిచ్చింది.

ఆవిడ కూడా ఏమీ తక్కువది కాదు. చుట్టాలొచ్చినప్పుడు, ‘మావారి బొమ్మలు పిల్లలక్కూడా అర్థమవుతాయి, అదే వాటి గొప్ప’ అని పొగిడినట్టే పొగిడి గాలి తీసేసేది. ఒక్కసారి కూడా, మొగుడి మనసు నిలబెట్టడానికైనా, తెలియనట్టు ఊరుకోలేదు. ఆ నోటితో ‘నావల్ల కాదు, ఓడిపోయాను’ అన్న మాట వినాలని మాస్టారికి ఆకలిలాంటి కోరిక. ఇల్లు, పేరు, ఆరోగ్యం, వీటిలో దేని మీదా ఆయనకి అంత ఆశ లేదు.

అలాంటి ఇంట్లో ఒక రోజు టీ చల్లారింది.

ఆ రోజు బొమ్మ గొప్పదేమీ కాదు. పేరు పాదరసం. ఒక పాదం తన పక్కనున్న సున్నాని తన్నేస్తోంది. కిందది, పండుని పిండుతున్న పిడికిలి. మాస్టారే దాన్ని పనికిరాదనుకున్నాడు, చేతిలో వేరేది లేక పెట్టాడు. ఆవిడ చూసింది. పై కాగితం ఎత్తి చూసింది. ఆవిడ కాగితం ఎత్తడం అదే మొదటిసారి. మళ్ళీ దించి చూసింది. “కాలు” అంది. “దీనికి కోపమెందుకొచ్చింది?” అంది. మాస్టారు బొమ్మని వదిలేసి టీ కప్పునే చూస్తూ కూర్చున్నాడు. పైన తెట్టు కట్టింది. ఆగలేక చిటికెనవేలు ముంచి చూశాడు. చల్లగా ఉంది.

“ఏమైంది?” అన్నాడు, వేలు తుడుచుకుంటూ.

“కాసేపాగండి. నోటిదాకా వచ్చింది.”

రాలేదు. ఆవిడ కప్పు తీసుకుని లేచి, “రేపు చెప్తాను” అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఓడిపోయానని మాత్రం అనలేదు. అనకపోతేనేం, మాస్టారు చొక్కా కాలరెగరేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. దారిలో దుకాణంలో ఆగి స్వీట్లు కొని, ఎడిటరు దగ్గర్నుంచి ప్రెస్సులో కాగితం కోసేవాడిదాకా అందరికీ పంచాడు.

“ఏమిటి మాస్టారూ విశేషం?” అని అందరూ అడిగారు.

“మా ఇంట్లో టీ చల్లారింది” అన్నాడు. వాళ్ళకేం అర్థం కాలేదు, అయినా స్వీటు చేతిలో ఉంది కాబట్టి నవ్వారు.

అక్కడినుంచి ఆయనకి దశ తిరిగినట్టే ఉంది. తర్వాతి వారం బొమ్మ కూడా ఆవిడ విప్పలేదు. ఆ పై వారం ఒకటి విప్పింది, మాస్టారికి రోజంతా అన్నం సయించలేదు. మళ్ళీ రెండు విప్పలేదు. ఆయన తన పనిని తానే పరిశీలించుకున్నాడు. విచిత్రంగా, ఎద్దులూ విరిగిన కొమ్ములూ పెట్టినప్పుడు ఓడని మనిషి, రెండంటే రెండు బొమ్మలు సాదాగా గీస్తే ఓడిపోతోంది. దీన్నుంచి మాస్టారు ఒక సిద్ధాంతం తయారుచేశాడు. తెలివితక్కువవాడు చిక్కుముళ్ళు వేస్తాడట, సిద్ధి పొందినవాడు ఒక్క గీతతో చిత్తు చేస్తాడట. తాను ఆ రెండో రకంలోకి వచ్చేశానని ఆయన గట్టిగా నమ్మాడు. నమ్మి, బొమ్మల్ని ఇంకా సాదా చేశాడు. ఒక పడవ, చివర కోసేసినది; కింద ఒక పిండిమర. పడమర. అంతే. కన్ను గీటినంత తేలిక. ఆవిడ టీ ముందు కూర్చుని ఆ పడవని వేలితో తడుముతూ ఉండిపోయింది.

గెలిచిన మనిషికి జాలి ఉండాలి. మాస్టారికి లేదు. ఇన్నేళ్ళ బాకీ అంతా ఒకేసారి తీర్చుకుంటున్నట్టు కూర్చునేవాడు. పేరు చెప్పేదాకా ఆవిణ్ణి కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. ఎదురుగా కూర్చుని కూనిరాగం తీసేవాడు. పాలవాడొస్తే పిలిచి, “చూశావా, ఇంత రచయిత్రి, నా బొమ్మ ముందు ఎలా చేతులెత్తేసిందో” అని చూపించేవాడు. పాలవాడు క్యాను పట్టుకుని ఎటు చూడాలో తెలియక గోడవైపు చూసేవాడు.

“నీ మనుషులే కదే వీళ్ళు? పేరు పెట్టినదానివి నువ్వే కదా? నీకే తెలీదా?” అనేవాడు భార్యతో. “తెలీదని ఒప్పుకో. ఒక్క మాట. నేను కాగితం తీసేస్తాను.”

“కాసేపాగండి” అనేది ఆవిడ. “రేపు చెప్తాను.”

అలా అంటూ ఆయన మొహంలోకి చూసేది. ఆ చూపులో భయం ఉండేది. మాస్టారికి కనబడకపోలేదు. ఓడిపోతానన్న భయం కాబోలనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ భయం ఆయనకి తియ్యగా ఉండేది, పొద్దున్న లేస్తూనే దానికోసమే ఎదురుచూసేవాడు.

ఆవిడ చెల్లెలు రెండు వీధుల అవతల ఉండేది. బట్టలు కుట్టేది. మనిషి నెమ్మది, మాట సూటి. ఒకనాడు కొలతల టేపు మెళ్ళో వేసుకునే వచ్చి, బావగార్ని వరండాలోకి పిలిచింది.

“బావా, అక్కకి ఒంట్లో బాగాలేదు. నిన్న మా గేటు ముందు నిలబడి, ఈ ఇల్లెవరిదని పక్కింటావిణ్ణి అడిగిందిట. మొన్న రెండు కాళ్ళకీ కుడికాలి చెప్పులే వేసుకొచ్చింది. డాక్టరుకి చూపిద్దాం.”

“ఎండలో నడిచొచ్చింది, కళ్ళు తిరిగుంటాయి” అన్నాడు మాస్టారు.

“కళ్ళు తిరగడం కాదు బావా. అమ్మ ఎలా ఉందని అడిగింది నన్ను. అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదా?”

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయనకి లోపల కలిగింది దిగులు కాదు, అనుమానం. జబ్బని తేలితే తన గెలుపు గెలుపు కాకుండా పోతుంది. జబ్బు మనిషి మీద గెలిచినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు?

“మీ అక్క పరువు నిలబెట్టడానికి జబ్బు అంటగడుతున్నావా?” అన్నాడు. “ఓడిపోతోందమ్మా. మీ అక్క ఓడిపోతోంది. మీ ఇంటి ఆడవాళ్ళకి అది అలవాటు లేక జబ్బులా కనబడుతోంది.”

మరదలు లోపలికి, అక్క దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి గుసగుసలు వినబడితే మాస్టారు తలుపు పక్కన నిలబడి విన్నాడు. భార్య ఆ వారం పొరబొమ్మని కొంగుచాటున తీసుకెళ్ళి చెల్లెలికి చూపిస్తోంది.

“ఇది పడవ. అది నాకు తెలుసు” అంటోంది. “కింద ఉన్నదేమిటో చెప్పవే. ఆయనకి చెప్పకు. నేను పేరు చెప్పకపోతే ఆయన రేపు కూడా కూర్చోబెడతారు.”

మాస్టారు లోపలికొచ్చి కాగితాలు లాక్కున్నాడు. “దొంగసాయమా? ఈ వయసులో కాపీ కొడతావా?” అన్నాడు. ఆవిడ బడిలో దొరికిపోయిన పిల్లలాగా చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇకమీదట పొద్దుటిపూట ఈ ఇంటికి రావద్దని మరదలికి అక్కడే చెప్పేశాడు.

ఇక్కడ ఇలా వెలుగుతుంటే ఆఫీసులో కథ వేరేగా ఉంది. ఎడిటరు కుర్రవాడేమీ కాదు, జుట్టు నెరిసిన మర్యాదస్తుడు. రెండుసార్లు ఫోన్ చేశాడు.

“మాస్టారూ, పొరబొమ్మకి జవాబులు బస్తాలకొద్దీ వస్తున్నాయండీ.”

“అంత ఆదరణ!”

“అన్నీ సరైనవే వస్తున్నాయండీ. ఒక్కటి కూడా తప్పు లేదు. చిన్నపిల్లలు పంపుతున్నారు. పాతవాళ్ళు అలిగి మానేశారు, ఇది మా కోసం వేస్తున్నారా, మా మనవల కోసమా అని తిడుతూ రాస్తున్నారు.”

“ప్రెస్సులో ఎవరో జవాబు బయటికి చెప్పేస్తున్నారు. కనిపెట్టండి” అని మాస్టారు ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ఆయన బుకాయించడానికి అనలేదు, మనసారా నమ్మే అన్నాడు. ఆవిడ విప్పలేనిది లోకంలో ఇంకెవరు విప్పుతారు? ఆవిడని మించిన తెలివి ఆయన ఎక్కడా చూడలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనకి భార్య మీద ఉన్న గురి అంతా ఇంతా కాదు.

చివరికి ఎడిటరు, ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు. పేజీ ఎత్తేసే మాట చెప్పడానికే వస్తున్నాడని మాస్టారు పసిగట్టాడు. పసిగట్టి సంబరపడ్డాడు. రానీ. వాడి కళ్ళముందే, పేర్లు పుట్టించిన మనిషి చేతే ఓడిపోయానని అనిపిస్తే, ఇక ఆ పేజీ మీద చెయ్యి వేసేవాడు ఉండడు. సాక్ష్యానికి మరదల్ని కూడా రమ్మన్నాడు. మొన్న రావద్దన్న నోటితోనే.

ఆ పూట ఆయన వేసినది గోరువంక. సీరియల్లో అందరికంటే జనానికి ప్రాణమైన పిల్ల. పై కాగితం మీద, గోరు కత్తిరించుకుంటున్న వేలు. రెండో దాని మీద నెలవంక, ఆ పక్కనే క్యాలెండర్లోంచి ఒక నెల చింపేస్తున్న చెయ్యి. మూడో దాని మీద మేడమెట్లు, వాటి మీద విడిచిన చిన్న చెప్పులజత. ఆయన దృష్టిలో అది సాదాతనానికి పరాకాష్ఠ.

ముందు గదిలో కిటికీ పక్కన బల్ల జరిపి, ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఆవిడ శుభ్రంగా తల దువ్వుకుని, ఎవరో ఇంటర్వ్యూకి వచ్చినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడిటరు ఎదురు కుర్చీలో, చెల్లెలు కిటికీ అంచు మీద. నాలుగు కప్పుల టీ. మాస్టారు పెళ్ళికొడుకు తండ్రిలాగా నిలబడే ఉన్నాడు.

“కానీ” అన్నాడు.

ఆవిడ బొమ్మ చూసింది. ఎడిటరు కూడా చూశాడు, చూసి కళ్ళు దించుకున్నాడు. చెల్లెలు కిటికీ దగ్గర్నుంచే ఒక్క చూపు చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఆవిడ మాత్రం కాగితం ఎత్తుతోంది, దించుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. ఎడిటరు తన టీ తాగేశాడు. ఖాళీ కప్పు కింద పెట్టిన చప్పుడుకి ఆవిడ ఉలిక్కిపడింది.

“చూశారా?” అన్నాడు మాస్టారు ఎడిటరుతో. “తేలికట! పిల్లలు విప్పేస్తున్నారట! ఆ పేరు పెట్టిన మహాతల్లికే అంతు చిక్కలేదు. ఏమే, ఒప్పుకుంటావా ఇప్పటికైనా?”

ఎడిటరు గొంతు సవరించుకున్నాడు. చాలా మెల్లిగా, తప్పు చేసినవాడిలా అన్నాడు.

“గోరువంక కదండీ, మాస్టారూ.”

“మీరు ప్రెస్సులో చూసుంటారు.”

“ఇది ఇంకా ప్రెస్సుకి రాలేదు కదండీ.”

“నాకూ తెలిసింది బావా” అంది మరదలు. “నేను జన్మలో ఒక్క పొరబొమ్మ విప్పలేదు, సూది తప్ప నాకేం రాదు. నాకు కూడా చూడగానే తెలిసింది.”

మాస్టారు భార్యవైపు తిరిగాడు. ఆవిడ మొహం విప్పారింది, బరువు దిగినట్టు.

“గోరువంకా?” అంది. “భలే ఉంది పేరు. ఎవరిదీ?”

ఆ మాటతో అంతా తెలిసిపోయింది. మాస్టారికి కూడా తెలిసింది. తెలిసిన మనిషి ఆ క్షణాన కింద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. తెలిసినదాన్ని ఒప్పుకుంటే ఇన్నాళ్ళ గెలుపు, సిద్ధాంతం, పంచిన స్వీట్లు అన్నీ తన మొహానే పడతాయి. అందుకని అరిచాడు.

“నాటకం! ఇన్నాళ్ళూ తెలిసీ తెలియనట్టు నాటకమాడింది. నా చేత చెత్త గీయించి, నా పేజీ తీయించడానికి. ఎంత ఓపికే నీకు!” కాగితాలు ఆవిడ ముక్కు కిందికి తోశాడు. “చెప్పు. ఇదేమిటి? గోరు. ఇదేమిటి? వంక. చెప్పు.”

“చెప్తానండీ, కోప్పడకండి” అంది ఆవిడ. “గోరు. వంక.”

“రెండూ కలిపి చెప్పు.”

ఆవిడ బొమ్మని చూసింది, ఆయన్ని చూసింది, చెల్లెల్ని చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

“కలపడం ఎలాగండీ?” అంది.

చెల్లెలు వచ్చి అక్కని లేపి, భుజాల చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది. ఎడిటరు సంచి భుజానికి తగిలించుకున్నాడు. పేజీ గురించి ఆయన ఒక్క మాట అనలేదు, మాస్టారు అడగలేదు, ఆ సంగతి అలాగే తేలిపోయింది. గుమ్మం దగ్గర ఎడిటరు చెప్పులు వేసుకుంటూ, “ఆవిణ్ణి బాగా చూసుకోండి” అన్నాడు. మాస్టారికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

డాక్టరు పెద్దవయసు ఆవిడ. పేషెంటుని పక్కగదిలో చెల్లెలి దగ్గర కూర్చోబెట్టి, మాస్టార్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. జబ్బు పేరు చెప్పింది. అది ఎలా పెరుగుతుందో చెప్పింది.

“ఎప్పుడు మొదలైందో గుర్తుందా?” అని అడిగింది.

ఆయనకి గుర్తుంది. తారీఖుతో సహా గుర్తుంది.

“మీరు రోజూ పక్కనే ఉంటారు కదా. ఏమీ గమనించలేదా?”

“గమనించాను” అన్నాడు మాస్టారు.

“గమనించి?”

ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను డాక్టరుగారూ అని ఏ నోటితో చెబుతాడు? డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టింది. “అప్పుడే తీసుకొచ్చి ఉంటే కొంత నెమ్మదించేట్టు చేసేవాళ్ళం. ఇప్పుడు ఇచ్చే మందు పెద్దగా పట్టదు” అంది, తల ఎత్తకుండానే. ఇంటికెళ్ళే దారిపొడుగునా భార్య ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని నడిచింది. రోడ్డు దాటాలంటే భయమట. ఆయనకి ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది, అది మళ్ళీ పోలేదు.

అన్నీ పోయినా ఆవిడకి ఒక అలవాటు మిగిలింది. పొద్దున్నే వచ్చి టీ ముందు కూర్చుని, “ఇవాళ బొమ్మ లేదా?” అని అడిగేది. లేదంటే ముడుచుకుపోయేది, తానేదో తప్పు చేసినట్టు. అందుకని మాస్టారు మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. ఇప్పుడాయన కోరిక తలకిందులైంది. ఆవిడ గెలవాలి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి విప్పాలి. రెండు పొరలు తీసేసి ఒక్క కాగితం ఉంచాడు. పడవ గీస్తే పడవ అనేది, ఆయన చప్పట్లు కొట్టేవాడు, ఆవిడ సిగ్గుపడి నవ్వేది. కొన్నాళ్ళకి పడవ కూడా పోయింది. కప్పు గీసి, పక్కన నిజం కప్పు పెట్టినా రెండూ ఒకటేనని తెలియలేదు.

మంచిరోజులూ ఉండేవి. అలాంటి రోజున అద్దెగదుల మేడ మొత్తం తిరిగొచ్చేది. మెట్ల మీద పరిగెత్తొద్దని గోరువంకని కసిరేది. పడమర అన్నం తిన్నాడా అని అడిగేది. పాదరసం డ్యూటీ నుంచి ఇంకా రాలేదని వీధిలోకి తొంగిచూసేది. వాళ్ళందరూ పక్కగదిలోనే ఉన్నట్టు మాట్లాడేది. మాస్టారు అవన్నీ వింటూ, వాళ్ళు తిన్నారనీ, వచ్చేస్తున్నారనీ జవాబులు చెప్పేవాడు.

అలాంటి ఒక మంచిరోజు చూసుకుని ఆయన ధైర్యం చేశాడు. అద్దం ముందు కూర్చుని తన మొహం తానే గీశాడు. పొరల్లేవు, కొమ్ములూ సున్నాలూ లేవు. బట్టతల, కళ్ళజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఉన్నదున్నట్టు. జీవితంలో అంత శ్రద్ధగా ఏ బొమ్మా వేయలేదు. తీసుకెళ్ళి టీ పక్కన పెట్టి, బొమ్మలోని మొహం, తన మొహం పక్కపక్కన కనబడేలా ఎదురుగా కూర్చున్నాడు. అది పరీక్ష కాదు, అడుక్కోవడం.

ఆవిడ బొమ్మని చేతిలోకి తీసుకుంది. వెలుతురులో పెట్టి చూసింది. కింద ఇంకో పొర ఉందేమోనని అంచు గీరి చూసింది.

“ఇంకో కాగితం లేదా?” అంది.

“లేదు. ఇంతే.”

చాలాసేపు చూసింది. ఒకసారి తలెత్తి ఆయన వైపు కూడా చూసింది, మర్యాదగా, ఆఫీసు గుమాస్తాని చూసినట్టు. మళ్ళీ బొమ్మలోకి వంగింది. చివరికి కాగితం బల్ల మీద పెట్టి, మెచ్చుకోలుగా తల ఊపింది.

“చాలా గట్టిది పెట్టారండీ” అంది. “ఒక్క పొరే, ఇంత కష్టంగా! నావల్ల కాదు. ఓడిపోయాను. ఎవరో మీరే చెప్పండి.”

మాస్టారు తన పేరు చెప్పాడు.

ఆవిడ ఆ పేరుని రెండుసార్లు మెల్లిగా అనుకుంది. కళ్ళు మూసుకుని, పైగది దగ్గర్నుంచి మెట్ల కింది గదిదాకా ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత, ఆయన నొచ్చుకుంటాడేమోనని కాస్త జంకుతూ అంది.

“లేరండీ. మా మేడలో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు.”